గూడు ముందా, ఫొటో ముందా?

వేసవి సెలవులు రాగానే పట్టణాలలోని ఫొటోగ్రఫీ సంఘాలవారు కెమెరాలు భుజాన వేసుకొని ఊరి బయటికి బయలుదేరుతారు. పొద్దు పొడవకముందే చెరువుగట్టుకో, కొండవాలుకో, సముద్రతీరానికో చేరుకుంటారు. ఉదయపు ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతుంది. ఫొటోకు అదే అనువైన వేళ. అనుభవం ఉన్నవారు కొత్తవారికి వెలుతురును గమనించడం, ఓపికతో కాచుకొని ఉండడం నేర్పుతారు. పదిమంది కలిసి నేర్చుకునే ఇటువంటి విహారాలు మంచివే. కాని వాటికి ఒక నియమం తప్పక ఉండాలి. ఫొటో కోసం పక్షుల గూళ్ళ దగ్గరకు పోరాదు.

వేసవి మనుషులకు సెలవుల కాలం. ఎన్నో పక్షులకు మాత్రం అది పిల్లలను సాకే కాలం. ఉదాహరణకు తీతువు పిట్టను చూడండి. అది చెట్టు మీద గూడు కట్టదు. బయలు నేల మీద, గులకరాళ్ళ నడుమ చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లని మచ్చలున్న ఆ గుడ్లు రాళ్ళలో రాళ్ళుగా కలిసిపోతాయి. ఎండ ముదిరినప్పుడు తల్లిపక్షి గుడ్లకు నీడగా నిలబడుతుంది. నీటిలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి దగ్గరకు రాగానే పైకి లేచి, తల మీదుగా తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపును కొందరు అపశకునమంటారు. నిజానికి అది "దూరంగా పొండి" అనే మొర. ఫొటో కోసం అరగంట అక్కడే కూర్చుంటే, ఆ అరగంటా గుడ్లు ఎండకు మాడుతాయి. కాకుల కంట కూడా పడతాయి.

చెట్ల మీది గూళ్ళకూ ఆపద తక్కువేమీ కాదు. పక్షి స్పష్టంగా కనబడాలని కొందరు గూటికి అడ్డంగా ఉన్న కొమ్మలను విరుస్తారు. ఆ కొమ్మలే పిల్లలకు నీడ, మరుగు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. సాధారణంగా రాత్రివేళ బయటికి వచ్చే పిల్లలు వెలుతురును బట్టి సముద్రపు దిక్కును తెలుసుకుంటాయి. ఒడ్డున దీపాలు వెలిగితే అవి దారి తప్పుతాయి. అటువంటి చోట ఫ్లాష్ వెలిగించడం తగునా?

ఫొటోలు చూసిన ప్రజలకు పక్షుల మీద ప్రేమ కలుగుతుంది కదా అని కొందరు వాదిస్తారు. అందులో నిజం ఉంది. అయితే ఎగిరే పక్షి, నీటిలో మునిగే పక్షి, చేపను పట్టే పక్షి ఫొటోలు కూడా ఆ ప్రేమను కలిగిస్తాయి. వాటిని దూరం నుంచి తీయవచ్చు.

కర్ణాటకలోని మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అనే గ్రామం ఉంది. కొక్కరె అంటే కన్నడంలో కొంగ. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికీ ఈ పక్షులు వస్తాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులను చూసుకున్నట్లు గ్రామస్థులు వాటిని చూసుకుంటారు. ఇటువంటి ఊళ్ళలో పక్షులు మనిషిని చూసి బెదరకపోవడానికి కారణం తరతరాలుగా వారు గూళ్ళ జోలికి పోకపోవడమే. ఒక్క పూట వచ్చిపోయే అతిథి ఆ నమ్మకాన్ని చెడగొట్టరాదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను, గూళ్ళను కలతపెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. చేతిలో తుపాకి లేనంత మాత్రాన వేటగాడు కాకుండా పోడు.

పూర్వం ఫొటో తీయడం ఎంతో శ్రమతో కూడిన పని. 1858లో మదురై, తంజావూరు ఆలయాలను ఫొటో తీసిన లిన్నేయస్ ట్రైప్ బరువైన కెమెరాతో, కాగితపు నెగెటివులతో పనిచేశాడు. తరువాత ఫిల్ము చుట్టలు వచ్చాయి. ఒక చుట్టకు 36 ఫొటోలు. అవి అయిపోతే కెమెరా మూసి ఇంటికి రావలసిందే. నేటి మెమరీ కార్డులో వేలకొద్దీ ఫొటోలు పడతాయి. నాడు ఫిల్ము పెట్టిన హద్దును నేడు మనిషి తనకు తానే పెట్టుకోవాలి.

కనుక సంఘాలు తమ పోటీలకు, ప్రదర్శనలకు గూళ్ళ ఫొటోలను స్వీకరించరాదు. బహుమతి లేదని తెలిస్తే గూటి చుట్టూ గుమికూడేవారు తగ్గుతారు. విహారానికి వెళ్ళే విద్యార్థులు కూడా ఈ నియమాన్ని పాటించాలి. పక్షి అరుస్తూ పైకి లేస్తే, కెమెరా దించి వెనక్కి రావాలి. అది తిరిగి గుడ్ల మీద కూర్చుందని చూసిన తరువాతే ముందుకు సాగాలి.