రాజీనామా ఆయనదే, గడువు మాత్రం అందరిదీ

అమెరికాలో ఉద్యోగం మారేటప్పుడు పాత కంపెనీకి రాజీనామా ఎప్పుడు ఇవ్వాలన్నది చాలా ఇళ్లల్లో మగవాళ్లు ఫోన్లలో తేల్చేసుకుంటున్నారు. కందిపప్పు ఏ బ్రాండు తేవాలో కొట్లోంచి ఫోన్ చేసి అడిగే మనిషి, ఇంటిల్లిపాదీ ఆ దేశంలో ఉండొచ్చా లేదా అన్నది తేల్చే కాగితం గురించి మాత్రం సంతకం అయ్యాక చెప్తాడు. హెచ్1బి మీద ఉన్నవాళ్ల ఇంట్లో ఇది కుదరదని నా అభిప్రాయం. ఉద్యోగం భార్యదైనా ఇదే మాట.

హెచ్1బి పిటిషన్ వేసేది ఉద్యోగి కాదు, కంపెనీ. వేసిన కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకోనూ వచ్చు. ఆ ఉద్యోగి మీద ఆధారపడి హెచ్4లో ఉన్న భార్యా పిల్లల గడువు కూడా ఆ పిటిషన్‌కే వేలాడుతుంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసీ తెలియక చిక్కుపడేది "రసీదు వచ్చేసింది, ఇంక చేరిపోవచ్చు" అనే మాట దగ్గర.

ఆ మాట అబద్ధం కాదు. 2000లో వచ్చిన చట్టం ప్రకారం, హెచ్1బిలో సక్రమంగా ఉన్న మనిషి కొత్త కంపెనీ పిటిషన్ వేయగానే అక్కడ పనిలో చేరొచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు. తర్వాత ఆ పిటిషన్ తిరస్కరిస్తే ఆ రోజుతో పని ఆపేయాలి. పాత గడువు ఇంకా ఏడాదో రెండేళ్లో మిగిలి ఉంటే, మరో కంపెనీ చూసుకోవడానికి 60 రోజులదాకా వ్యవధి ఇస్తారు. స్నేహితులు ధైర్యం చెప్పేటప్పుడు ఈ 60 రోజుల మాటే చెప్తారు. అది 60 రోజులు లేదా ఐ-94 గడువు, ఏది ముందైతే అది అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మా చెల్లెలు డాలస్ దగ్గర ఉంటుంది. ఒకరోజు తెల్లవారుజామున ఫోన్ చేసి, "అక్కా, కొత్త ఆఫర్ వచ్చింది, ఈయన రేపే పేపర్లు పెట్టేస్తానంటున్నారు" అంది. గొంతులో సంతోషం లేదు. సంగతేమిటంటే, పాత కంపెనీ వేసిన ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు. ఈలోపు వాళ్ల ఐ-94 గడువు దాటిపోయింది. గడువు లోపలే ఎక్స్‌టెన్షన్ వేశారు కాబట్టి అదే కంపెనీలో 240 రోజులదాకా పనిచేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ కొత్త కంపెనీ వేసిన పిటిషన్ ఈ పాతదాని మీద ఆనుకుని నిలబడింది. లాయర్లు దీన్ని బ్రిడ్జ్ పిటిషన్ అంటారు. మరిది రాజీనామా ఇచ్చాక, నిర్ణయం రాకముందే పాత కంపెనీ తన పిటిషన్ వెనక్కి తీసుకుంటే వంతెన ఉండదు. అప్పుడు కొత్త పిటిషన్‌ను ఆమోదించినా, అక్కడే ఉండే గడువు పొడిగించకుండా, దేశం దాటి వెళ్లి వీసాతో తిరిగి రమ్మనొచ్చు. ఐ-94 గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆ 60 రోజుల ఊరటా లేదు. బడికెళ్లే పిల్లలు, అద్దె అగ్రిమెంటు, కారు లోను, అన్నీ అక్కడ.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల మీద మనకి సామెత ఉంది. ఏరు మధ్యలో ఉండగా తగలేసేవాళ్ల మీద లేదు. అంత పని ఎవరూ చెయ్యరనుకుని ఉంటారు పెద్దలు.

మా చెల్లెలు పోట్లాడలేదు. "రెండో లాయరుని ఒక్కసారి అడుగుదాం, కన్సల్టేషన్ డబ్బులు నా చీరల పద్దులో రాసుకో" అంది. అడిగారు. ఆ లాయరు కూడా ఆగమన్నాడు. పాత కంపెనీని ప్రీమియం ప్రాసెసింగ్‌కి మార్చమని మరిది అడిగాడు. డ్రైవింగ్ లైసెన్సు గడువు ఐ-94తో ముడిపడి ఉంది, అది అయిపోతోందని కారణం చెప్పాడు. అది నిజం కూడానూ. ప్రీమియంలో 15 పనిదినాల్లో జవాబు రావాలి, వచ్చింది. ఆ తర్వాత కొత్త కంపెనీది కూడా ఆమోదం అయ్యాకే రాజీనామా ఇచ్చాడు. కొత్త కంపెనీ హెచ్ఆర్ కాస్త గునిసింది, అయినా చేరే తేదీ 5 వారాలు జరిపింది. మనిషి కావాలనుకున్న కంపెనీ ఆ మాత్రం ఆగుతుంది. ఆగనంటే, రేపు మీ అవసరానికి ఎంత నిలబడుతుందో ఆలోచించుకోవాలి.

ఆగలేని పరిస్థితులూ ఉంటాయి. బెంచీ మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వని కన్సల్టెన్సీలో ఆమోదం కోసం నెలలు ఓర్చుకోమని నేను చెప్పను. ప్రాజెక్టు లేదన్న సాకుతో హెచ్1బి ఉద్యోగి జీతం ఆపడానికి వీల్లేదు. గడువుకి ముందే మానేశారని జరిమానా వసూలు చేయడమూ కుదరదు. పిటిషన్ ఫీజు, దాని లాయరు ఖర్చు కంపెనీవే. బాండు మీద సంతకం పెట్టాం కదా అని నోరు మూసుకుని ఉండిపోయేవాళ్లు ఎందరో. నష్టపరిహారం పేరుతో కొన్నిచోట్ల కొంత అడగొచ్చు కాబట్టి ఆ కాగితం లాయరుకి చూపించాలి. అమెరికా కార్మిక శాఖలో వేజ్ అండ్ అవర్ విభాగానికి ఫిర్యాదూ చేయొచ్చు. ఇలాంటి చోటు నుంచి రసీదు మీదే బయటపడటం న్యాయం. అయితే ఐ-94 తేదీ చూసుకునే బయటపడాలి.

ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కథ వేరు. లాటరీలో పేరు రాగానే సగం వీసా వచ్చినట్టే అనుకుంటారు, పెళ్లిసంబంధాల్లో కూడా ఆ మాట వాడేస్తారు. ఇంకా పిటిషన్ ఆమోదం కావాలి, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కావాలి. ఇక్కడి కంపెనీల్లో 90 రోజుల నోటీసు కాబట్టి అక్టోబరు 1కి చేరాలని జులైలోనే రాజీనామా ఇచ్చేస్తారు. స్టాంపు పడిన పాస్‌పోర్టు చేతికొచ్చాక నోటీసు ఇచ్చి, కాస్త ఆలస్యంగా వెళ్తే కొంప మునగదు. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలని ఒక్క ప్రకటనతో మార్చేశారు. అలాంటి చోట ఉన్న జీతాన్ని ముందే వదులుకోవడం ఎందుకు?

అక్కడున్న అమ్మాయిలకి ఇంకొక్క పని. అందరి ఐ-94లు ప్రింటు తీసి తేదీలు మీరే చూడండి. ఆయన గడువు పొడిగించినంత మాత్రాన మీది పొడిగించినట్టు కాదు, దానికి ఐ-539 అని వేరే దరఖాస్తు ఉంది. అక్కడ పుట్టిన పిల్లలకి అక్కర్లేదు, ఇక్కడ పుట్టినవాళ్లకి కావాలి. కంపెనీ లాయరు ఆయన పిటిషన్ వేసేసి ఇది మర్చిపోవచ్చు. లాయరు పంపిన ఫైలు తెరిచి, అందులో మీ పేరు, పిల్లల పేర్లు ఉన్నాయో లేదో ఈ రాత్రే చూడండి.