పదింటికి తగ్గిపోయే కడుపునొప్పి

స్కూలు బస్సు హారన్ వినపడగానే మొదలైన కడుపునొప్పి పదింటికల్లా తగ్గిపోయి, పిల్లాడు పప్పన్నం కలుపుకొని తింటుంటే ఇంట్లోవాళ్లు ఒకటే తీర్పు చెబుతారు: దొంగ నొప్పి. నా దృష్టిలో అది నిజమైన నొప్పేననడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. భయం పట్టుకుంటే పేగులు నిజంగానే మెలిపెడతాయి, వెళ్లక్కర్లేదని తేలగానే ఒళ్లు సద్దుమణుగుతుంది. బడి ఎగ్గొట్టేవాళ్లు ఆ సంగతి ఇంట్లో దాస్తారు. ఈ పిల్లలు మాత్రం యూనిఫాం వేసుకుని, ఒక కాలికి సాక్సు తొడుక్కుని, అమ్మ కళ్లెదుటే గుమ్మంలో కూలబడతారు. ఊరుకుంటే ఇదే అలవాటవుతుంది కదా అనేవాళ్ల మాటలో సగం నిజముంది. ఇంట్లో రోజులు గడిచిన కొద్దీ భయం ముదురుతుంది, తప్పిన పాఠాలు దానికి తోడవుతాయి. ఈడ్చుకెళ్తే మాత్రం ఇంకా ముదురుతుంది. భయం తోటివాళ్ల వెక్కిరింతలకో, బెత్తానికో, మరుగుదొడ్డికో ముందు తెలుసుకోవాలి; మొదట నచ్చిన టీచరు పీరియడు ఒక్కటి, తర్వాత మధ్యాహ్న భోజనం దాకా, అలా పెంచుకుంటూ పోవాలి. దీనికి అడ్డుపడేది హాజరు పట్టీ. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మఒడి పథకానికి 75 శాతం హాజరు షరతు ఉండేది, సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలకూ అంతే హాజరు ఉండాలి. ఒక్క పీరియడు కూర్చోగలిగిన పిల్లకు ఆ పూట హాజరు వేయాలి. క్రమశిక్షణ సడలుతుందంటారా? టైఫాయిడ్‌కు డాక్టరు చీటీని ఒప్పుకునే బడి, మానసిక వైద్యులు రాసిన చీటీనీ ఒప్పుకోవచ్చు. ఏ పీరియడుతో మొదలుపెట్టాలో మాత్రం ఆ పిల్లనే అడగాలి.