హోరు పెంచితే పాట పెరగదు

రాక్, మెటల్ పాటల గురించి పల్లెల్లో పెద్దలది ఒకటే మాట. అది పాట కాదు, రేకుల కప్పు మీద రాళ్ళ వాన అంటారు. చెవుల్లో తీగలు పెట్టుకుని తల ఊపే కుర్రకారు మాత్రం అందులో వున్నదంతా బంగారమే అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు. ఇటీవల ఈ కోవకు చెందిన ఏడు ఆల్బములు ఏరి కొనుక్కుని, ఒక్కొక్కదాన్ని మొదటి నుంచి చివరిదాకా విన్న అభిమాని ఒకరు వేసిన లెక్క వేరుగా వుంది. పెట్టిన డబ్బుకు గిట్టుబాటయినవి ఐదు, కానివి రెండు అని ఆయన తేల్చారు. ఆ లెక్కలో చాలావరకు న్యాయం వుంది. పెద్దలూ పిల్లలూ కూడా దాన్ని ఒకసారి చూడడం మంచిది.

రేకుల ఫ్యాక్టరీలో పుట్టిన పాట

ఆయన కొన్నవాటిలో అన్నిటికంటే పాతది ‘పారనాయిడ్’. ఇంగ్లండుకు చెందిన బ్లాక్ సబాత్ బృందం 1970లో దీన్ని విడుదల చేసింది. ఆ బృందంలోని నలుగురూ బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ పేటలో పెరిగిన పేదింటి బిడ్డలే. పాటగాడు ఆజీ ఆస్‌బర్న్ కొంతకాలం కబేళాలో పనిచేశాడు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో కార్మికుడు. 17 ఏళ్ళ వయసులో, ఫ్యాక్టరీలో అదే తన ఆఖరి రోజు అనుకున్న నాడు, యంత్రం కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కనుక తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

ఇక గిటారు ముట్టనని కూర్చున్న అతని దగ్గరకు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు పట్టుకుని వచ్చాడు. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి రెండు వేళ్ళతోనే గిటారు వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డు అది. అది విన్నాక అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేలి కొసలకు తొడుగులు చేసుకుని, వాటిపై తోలు అతికించుకున్నాడు. నొప్పి తెలియకుండా సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాత ఆ తీగల బిగువు కూడా తగ్గించాడు. బిగువు తగ్గితే స్వరం కిందికి దిగి బరువుగా మోగుతుంది. మెటల్ సంగీతానికి గుర్తుగా ఈనాడు చెప్పుకునే ఆ బరువైన మోత వెనుక ఒక కార్మికుని తెగిన వేళ్ళున్నాయి. ఇది పనీపాటా లేనివాళ్ళ సంగీతం అనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

‘పారనాయిడ్’లో పాటలు ఎనిమిదే. మొత్తం నిడివి 42 నిమిషాలు. మొదటి పాటే యుద్ధాన్ని ఈసడించే పాట. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజుల్లో, యుద్ధం తెచ్చిపెట్టేవాడు ఒకడు, చచ్చేవాడు మరొకడు అన్న సంగతిని అది నిలదీస్తుంది. ఈ ఆల్బముకు అభిమాని వేసినవి పూర్తి మార్కులు. ఎవరైనా అంతే వేస్తారు.

సందు వదిలితేనే మోత

రెండోది ఏసీడీసీ బృందం 1980లో తెచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆ బృందం పాటగాడు బాన్ స్కాట్ చనిపోయాడు. మిగిలినవారు కుంగిపోకుండా బ్రయాన్ జాన్సన్‌ను తెచ్చుకుని, జూలై నాటికి ఆల్బము పూర్తి చేసి విడుదల చేశారు. చనిపోయిన మిత్రునికి సంతాపంగా అట్ట నల్లగా వేశారు. గంట మోతతో మొదలయ్యే ఈ ఆల్బము ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడుపోయిన వాటిలో ఒకటి. ఇందులో గమనించవలసింది వాద్యాల మధ్య వదిలిన సందు. గిటారు ఒక దెబ్బ వేసి ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో డ్రమ్ము పలుకుతుంది. నారు దగ్గర దగ్గరగా వేస్తే పైరు దుబ్బు కట్టదని రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పాటకూ అదే సూత్రం.

మూడోది మెటాలికా బృందం 1986లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’. పేరు పెట్టిన పాట మత్తుమందును గురించినది. మత్తుకు లొంగినవాడు తోలుబొమ్మ అయితే దారాలు లాగేది ఆ మత్తేనని ఆ పాట సారాంశం. మరొక పాట యుద్ధంలో వాడి పారేసిన సైనికుని గురించి. అదే ఏడాది సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు ప్రమాదం జరిగి బృంద సభ్యుడు క్లిఫ్ బర్టన్ 24 ఏళ్ళకే మరణించాడు. భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో అమెరికా జాతీయ గ్రంథాలయం 2016లో ఈ ఆల్బమును చేర్చింది. మెటల్ సంగీతంలో ఆ గౌరవం మొదట దక్కింది దీనికే.

దెయ్యం పాటలేనా?

నాలుగోది ఐరన్ మెయిడన్ బృందం 1982 నాటి ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’. అట్ట మీద దెయ్యం బొమ్మలు చూసి అమెరికాలో కొన్ని మత సంఘాలవారు ఆ రికార్డులను పోగుపోసి తగులబెట్టారు. పేరు పాట ఒక భయానక చిత్రం చూసిన తర్వాత వచ్చిన పీడకల నుంచి పుట్టింది. ఇదే ఆల్బములో అమెరికా ఆదివాసులను తెల్లవారు తరిమిన వైనం మీద ఒక పాట, తెల్లవారితే ఉరి తీయబోయే ఖైదీ గుండెకోత మీద మరొక పాట వున్నాయి. అట్ట చూసి తగులబెట్టినవారిలో ఆ రెండు పాటలు విన్నవారు ఎందరుంటారు?

ఐదోది జూడాస్ ప్రీస్ట్ బృందం 2024లో తెచ్చిన ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’. వీరిదీ బర్మింగ్‌హామ్ ప్రాంతమే. పాటగాడు రాబ్ హాల్ఫర్డ్‌కు అప్పటికి 72 ఏళ్ళు. గిటారు కళాకారుడు గ్లెన్ టిప్టన్‌కు చేతులు వణికించే పార్కిన్‌సన్స్ వ్యాధి వున్నట్టు 2018లోనే ప్రకటించారు. అయినా పాటల్లో పట్టు సడలలేదు. ఈ బృందం మీద ఒకప్పుడు అమెరికాలో దావా పడింది. వారి పాటలో దాగిన మాటలే ఇద్దరు యువకులను ఆత్మహత్యకు పురిగొల్పాయని కుటుంబాలవారు ఆరోపించారు. 1990లో న్యాయమూర్తి అన్ని విషయాలూ విచారించి ఆ ఆరోపణను తోసిపుచ్చారు. బిడ్డలను పోగొట్టుకున్నవారి బాధను ఎవరూ కాదనలేరు. అయితే కుర్రవాడు ముభావంగా వుంటే ముందు అడగవలసింది అతన్నే. అతను వినే పాట మీద నేరం మోపి వూరుకుంటే అసలు కారణం అలాగే వుండిపోతుంది.

బస్తా నింపడానికి తాలు

ఇక గిట్టుబాటు కానివాటి సంగతి. మెటాలికా 2008 నాటి ‘డెత్ మాగ్నెటిక్’ అందులో మొదటిది. పాటలు చెడ్డవి కావు. చెడగొట్టింది ముద్రణ. చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే ఎత్తుకు పెంచి నొక్కేశారు. దానితో శబ్దం పగిలి, డ్రమ్ము మోత డబ్బా మోతలా తయారైంది. అవే పాటలను ఒక వీడియో ఆట కోసం ఇచ్చినప్పుడు స్పష్టంగా వినిపించాయి. తేడా గ్రహించిన అభిమానులు వూరుకోలేదు. ఆల్బమును మళ్ళీ సరిగా ముద్రించాలని కోరుతూ పదివేల మందికి పైగా సంతకాలు చేశారు. డబ్బు పెట్టి కొన్నవాడికి నాణ్యత అడిగే హక్కు వుందని చూపిన సంఘటన ఇది.

రెండోది ఐరన్ మెయిడన్ 2021 నాటి ‘సెన్‌జుట్సు’. పది పాటలకు 82 నిమిషాలు. పాతకాలపు ఎల్‌పీ రికార్డు ఒక్కో వైపు 20 నిమిషాలు, మహా అయితే 25 నిమిషాలు పట్టేది. చోటు తక్కువ కనుక బృందంవారు మంచి పాటలే ఏరి పెట్టేవారు. సీడీ వచ్చాక 80 నిమిషాల దాకా చోటు దొరికింది. చోటు వుంది కదా అని నింపడం మొదలైంది. బస్తా పెద్దదైతే నింపడానికి తాలు కూడా పడుతుంది. ఆ అభిమాని ఫిర్యాదు ఇదే.

అయితే ఈ ఆల్బము విషయంలో ఆయన కొంత తొందరపడ్డారనే చెప్పాలి. చివరి మూడు పాటలూ ఒక్కొక్కటి పది నిమిషాలకు మించినవే అయినా నిదానంగా రాజుకుంటాయి. రాత్రంతా కథ వినే ఓపిక వున్న ఊళ్ళకు పది నిమిషాలు ఒక లెక్క కాదు. కనుక గిట్టనివి రెండు కాదు, ఒకటిన్నర అనడం న్యాయం.

చెవి పోతే తిరిగి రాదు

అన్నిటికంటే ముఖ్యమైన విషయం వేరే వుంది. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పాడిన బ్రయాన్ జాన్సన్ 2016లో కచేరీలు ఆపివేయవలసి వచ్చింది. ఇంకా కొనసాగితే వినికిడి పూర్తిగా పోతుందని వైద్యులు హెచ్చరించారు. ఆయన మళ్ళీ బృందంలోకి వచ్చినా అందరికీ ఆ అదృష్టం వుండదు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి వుండరాదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ చెబుతోంది. మోత 3 డెసిబెల్స్ పెరిగితే వుండదగిన సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది 15 నిమిషాలే. చెవిలో తీగ పెట్టుకుని పూర్తి మోతలో గంటలకొద్దీ వినేవారు ఈ లెక్క వేసుకోవాలి. పెళ్ళి వూరేగింపులో పెట్టెలు పేర్చి గుండెలదిరేలా మోగించే పెద్దలు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. రాక్ పాటను తిడుతూ ఆ పెట్టెలకు బాడుగ కట్టడం ఏం న్యాయం?

ఈ సంగీతం దూరదేశాలది అనుకునే రోజులు పోయాయి. ఐరన్ మెయిడన్ 2007లో, మెటాలికా 2011లో బెంగుళూరులో కచేరీలు చేశాయి. చేతిలో ఫోను వున్న ప్రతి పల్లెకూ ఆ పాటలు చేరాయి. వద్దంటే ఆగవు. కనుక పెద్దలు చేయగలిగింది ఒకటుంది. పిల్లవాడు వినే పాట ఒక్కటి పక్కన కూర్చుని వినాలి. అది దేని గురించో వాడినే చెప్పమనాలి. పిల్లలు కూడా ముక్కలు ముక్కలుగా వినడం మాని ఒక ఆల్బమును మొదటి నుంచి చివరిదాకా వినాలి. డబ్బు తక్కువైతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

తెగిన వేళ్ళకు తొడుగులు వేసుకుని మొదలుపెట్టిన బ్లాక్ సబాత్ బృందం 2025 జూలై 5న, తాము పుట్టిన ఆస్టన్ పేటలోనే ఆఖరి కచేరీ చేసింది. దాని లాభాన్ని పిల్లల ఆసుపత్రి వంటి సేవాసంస్థలకు కేటాయించారు. నిలబడలేని స్థితిలో వున్న ఆజీ ఆస్‌బర్న్ సింహాసనం వంటి కుర్చీలో కూర్చునే పాడాడు. అదే నెల 22న 76 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ పాట నచ్చడం, నచ్చకపోవడం ఎవరి ఇష్టం వారిది. విన్న తర్వాతనే ఆ మాట చెప్పాలి.