ఎవరు చేసిన పాపం?



మొన్న మా సంఘంలోని ఒక సహోదరితో, ఆమె మూడు నెలల పాపతో కలిసి తెల్లవారుజామున నాంపల్లి స్టేషన్‌లో దిగాము. పాపకు పుట్టినప్పటి నుంచీ రెండు పాదాలూ వాచి ఉన్నాయి. బోదకాలని ఊళ్లో కొందరన్నారు. తల్లి చేసిన పాపమని కొందరు గుసగుసలాడారు. వాతలు పెట్టించమని ఒక పెద్దమ్మ చెప్పింది. మేమేం తక్కువ తినలేదు. ప్రార్థన చేసి, "ఒప్పుకోవలసింది ఏమైనా ఉందా అమ్మా?" అని ఆ తల్లినే అడిగాము. ఆమె ఏడ్చింది. అలా అడిగినందుకు ఈరోజు సిగ్గుపడుతున్నాము.

పట్నంలో పిల్లల డాక్టరు ఓపికగా వివరించారు. బోద దోమకాటుతో వస్తుంది, కాలు వాచడానికి ఏళ్లు పడుతుంది. పుట్టుకతో ఉన్న వాపు వేరు. రక్తనాళాల నుంచి ఒంట్లోకి ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చడానికి సన్నని శోషరస నాళాలు ఉంటాయి. కొందరు బిడ్డలకు అవి తల్లి గర్భంలోనే సరిగా ఏర్పడవు. కాలువ పూడితే పొలంలో నీరు నిలిచినట్టు పాదాల్లో నీరు నిలుస్తుంది. ఒకే కుటుంబంలో తరతరాలుగా వస్తున్న ఇలాంటి వాపు గురించి 1892లో అమెరికా వైద్యుడు విలియం మిల్‌రాయ్ రాశాడు. అందుకే దానికి మిల్‌రాయ్ వ్యాధి అని పేరు. ఎఫ్‌ఎల్‌టీ4 అనే జన్యువులో మార్పు దీనికి ముఖ్య కారణం. అది తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచి రావచ్చు, ఇద్దరికీ లేకుండా కొత్తగానూ రావచ్చు. మరి నింద తల్లి ఒక్కదానికే ఎందుకు?

దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ కాళ్లు రోజూ కడిగి, తడి లేకుండా తుడిచి, పుండు పడకుండా చూసుకుంటూ, డాక్టరు చెప్పిన విధంగా కట్టు కడితే వాపు అదుపులో ఉంటుంది. వాత పెడితే ఆ పుండులోనే చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. కాలు ఎర్రబడి జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకండి.

దారి దూరమేమీ కాదు. నాంపల్లికి దగ్గర్లోనే, రెడ్‌హిల్స్‌లో 1953 నుంచి నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ చాలా ఏళ్లు నాంపల్లిలోనే నడిచి ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద నిమ్స్‌తో కలిపి దాన్ని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా మేము అడిగిన ప్రశ్నే. అతడూ కాదు, అతని కన్నవారూ కాదు అన్నాడు ప్రభువు. మంచి సమరయుడు దారిలో పడివున్నవాణ్ణి ఏ పాపం చేశావని అడగలేదు. గాయాలకు కట్టు కట్టాడు. ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. ప్రార్థించిన చేతులతోనే ఆ కట్టు కట్టండి, ఆ తల్లికి రైలు టికెట్టు కొనివ్వండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.