కోనసీమ తోటల్లో ఉప్పునీరు

2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రాజోలు నియోజకవర్గంలోని కేశనపల్లికి వచ్చారు. శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఎగదన్నిన సముద్రపు నీటికి మోడువారిన కొబ్బరి చెట్లను చూశారు. కోనసీమ పచ్చదనానికి తెలంగాణ దిష్టి తగిలిందన్న అర్థంలో అక్కడ ఆయన అన్న మాట ఆ రాష్ట్రంలో ఆగ్రహం రేపింది. క్షమాపణ చెప్పాలని ఒకరు, మాటను వక్రీకరించారని మరొకరు వాదులాడుకున్నారు. ఆ రగడలో డ్రెయిన్ సంగతి మరుగున పడింది.

గోదావరి డెల్టాలో వాతావరణ మార్పు రాజకీయం ఏళ్లుగా ఇలాగే సాగుతోంది. వరదకు పరామర్శ, తుపానుకు పరిహారం, ఎన్నికల్లో పరస్పర నిందలు. జనానికి ఇంతకు మించి పట్టదని పార్టీలు అనుకుంటే పొరపాటే. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధరతోపాటు పొలం ముంపూ వారి గోడే. 2022లో మళ్లీ అదే పని చేశారు. పంటే మానుకున్న రైతు తన అభిప్రాయాన్ని ఇంకెలా చెప్పాలి?

ముప్పు ఒక్క డ్రెయిన్‌తో తీరేది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాత అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది ఎక్కువగా ఎగువ ఆనకట్టల వెనకే ఆగుతోంది. కొత్త ఒండ్రు చేరని నేల కుంగుతుంటే, వేడెక్కుతున్న సముద్రం పైకి లేస్తోంది. ఉప్పాడలో జియోట్యూబులతో కట్టిన రక్షణ గోడనూ అలలు ఛిద్రం చేశాయి.

అందుకే అధికార, ప్రతిపక్షాలు రెండూ పరిహారం భాష మానాలి. ఏ డ్రెయిన్‌లో పూడిక ఎప్పుడు తీస్తారో, పోటు నీటిని ఆపే స్లూయిజులు ఏ మొగ దగ్గర కడతారో తేదీలతో, నిధులతో గ్రామసభల్లో చెప్పాలి. పోలవరం ప్రాజెక్టు నీటి లెక్కతోపాటు ఒండ్రు లెక్కా బయటపెట్టాలి. ఓట్లు పోతాయన్న భయంతో పార్టీలు దాటవేస్తున్న విషయం ఇంకొకటుంది: వరి చేల మధ్య ఉప్పునీటి రొయ్యల చెరువులు. వాటికి హద్దు గీయాల్సిందే.

ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ డెల్టా రైతులు ముందు తమ ఊరి డ్రెయిన్ గట్టు మీదికి తీసుకెళ్లి, ఆ తేదీలు అక్కడే చెప్పించాలి.