నూరు శాతం బ్లాకును యాంజియోగ్రాం రోజే తేల్చేయొద్దు

గుండె జబ్బున్నవారికి, వారి కుటుంబాలకు, వైద్యులకు, ఆరోగ్యశాఖ వారికి:

యాంజియోగ్రాం కాగానే బయట కూర్చున్న ఇంటివాళ్లను పిలిచి, "ఒక రక్తనాళం నూరు శాతం మూసుకుపోయింది. స్టెంటు కుదరదు. బైపాసుకు వెళ్లండి, లేదంటే మందులు వాడుకోండి" అని చెప్పి పంపేయడం మామూలైపోయింది. కొన్నిచోట్ల అక్కడికక్కడే వైరు తోసి చూసి, వెళ్లకపోతే వదిలేస్తారు. రెండూ తొందరపాటే.

మూడు నెలలకు పైబడి పూర్తిగా పూడుకుపోయిన నాళం (దీన్నే వైద్యులు సీటీఓ అంటారు) సంగతి వేరు. గుండెపోటు రోజు పడే గడ్డ మెత్తగా ఉంటుంది. ఈ పాత బ్లాకు మాత్రం ముందు అంచు గట్టిపడి, చాలాసార్లు లోపల సున్నం కూడా పేరుకుని ఉంటుంది. అవతలి భాగానికి పక్క నాళాల నుంచి సన్నటి దారుల్లో కొంత రక్తం అందుతుంది. అందుకే మనిషి కూర్చుంటే బాగానే ఉంటాడు, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది.

ఇలాంటివన్నీ అసాధ్యమేమీ కావు. ఏది సులువో ఏది కష్టమో లెక్కగట్టే పద్ధతిని జపాన్ వైద్యులు 2011లోనే ప్రకటించారు. బ్లాకు మొదలయ్యే చోటు సన్నగా కోసుగా ఉండి, పొడవు 20 మిల్లీమీటర్ల లోపే ఉండి, పెద్ద వంపు, సున్నం, పాత విఫలయత్నం లేకపోతే అది సులువైనది. అలాంటివి చాలావరకు క్యాథ్ ల్యాబులో రోజూ వాడే సామానుతోనే తెరుచుకుంటాయి: 0.014 అంగుళాల వైరు, దానికి దన్నుగా మైక్రోక్యాథెటర్, చిన్న బెలూన్, స్టెంటు.

వీటన్నిటికన్నా ముఖ్యం రెండో క్యాథెటర్. కుడి నాళం మూసుకుపోతే, తరచూ ఎడమవైపు నుంచే దానికి రక్తం అందుతుంటుంది. కాబట్టి రెండు క్యాథెటర్లతో రెండు వైపుల నుంచీ ఒకేసారి డై ఇవ్వాలి. అప్పుడే బ్లాకు రెండు చివరలూ తెర మీద కనిపిస్తాయి. మొనను ఒక్క మిల్లీమీటరు వంచి, వైరును మెల్లగా తిప్పుతూ వెళ్లే డాక్టరుకు అది దారిలోనే ఉందా, గోడలోకి దూరిందా అన్నది ఆ బొమ్మే చెబుతుంది. ఇంత చవకైన జాగ్రత్తను వదిలేసి గుడ్డిగా వైరు తోయడం ఎందుకు?

అలాగని అందరికీ స్టెంటు వెయ్యమనడం లేదు. మందులతో పోలిస్తే ఈ చికిత్సతో ఛాతీ నొప్పి తగ్గి, రోజువారీ జీవితం మెరుగైందని 2018లో వెలువడిన యూరో సీటీఓ అధ్యయనం చూపింది. 2019లో వచ్చిన డెసిషన్ సీటీఓ అధ్యయనంలో మరణాలు, గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. అంటే, మందులు సరిగా వాడినా నొప్పి, ఆయాసం వదలనివారికే ఇది. ఇందులో ముప్పూ ఉంది: నాళానికి చిల్లు పడొచ్చు, డై వల్ల కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఏ బాధా లేనివారిని ప్రాణభయం చూపి టేబులెక్కించడం అన్యాయం. షుగరుండి, మూడు నాళాలూ చెడినవారిలో చాలామందికి బైపాసే మేలు.

వైద్యులకు మా విన్నపం: రోగితో తీరిగ్గా మాట్లాడి, బ్లాకు తెరిచే పనికి వేరే తేదీ పెట్టండి. ఎంత డై, ఎంత రేడియేషన్ దగ్గర ఆపేయాలో ముందే రాసుకోండి. కష్టమైనవాటిని చెయ్యి తిరిగిన బృందం దగ్గరికి పంపండి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల గుండె చికిత్స ఖర్చు మోసింది. 2017లో కేంద్రం స్టెంటు ధరలకు కళ్లెం వేసింది. రెండో క్యాథెటర్, మైక్రోక్యాథెటర్ ఖర్చు కూడా పేదవాడి మీద పడకుండా రెండు తెలుగు రాష్ట్రాలూ తమ ఆరోగ్య పథకాల ప్యాకేజీలో స్పష్టంగా రాయాలి.

కుటుంబాలవారూ! యాంజియోగ్రాం సీడీ అడిగి తీసుకోండి. "రెండు వైపుల నుంచీ డై ఇచ్చి చూశారా? ఇలాంటి కేసులు ఇక్కడ తరచూ చేస్తారా?" అని అడగండి. అడగడం మీ హక్కు.