దండానికి పదకొండవ గుణం లేదు

బెత్తాన్ని సమర్థించుకొనవలసి వచ్చినప్పుడల్లా మన పెద్దలు ‘దండం దశగుణం’ అన్న మాటను ముందుకు తెచ్చేవారు. ముప్పయి యేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తిలో గడిపిన నేనుకూడా ఆ మాటను పలుమార్లు వాడుకొన్నాను. అది ఒక శ్లోకంలోని తునక. పూర్తి శ్లోకంలో ఏమున్నదో విచారించినవారు తక్కువ. విచారిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చేతికఱ్ఱ పది విధాల అక్కరకు వస్తుందని ఆ శ్లోకం లెక్కపెట్టింది: పక్షులను తోలడానికి, కుక్కలను అదలించడానికి, శత్రువులను ఎదుర్కొనడానికి, పాముల బారినుండి కాచుకొనడానికి, పశువులను మళ్ళించడానికి, బురదలో జారకుండడానికి, నీటిలో లోతు చూచుకొనడానికి, చూపులేనివానికి దారి తెలియడానికి, చీకటిలో తడుముకొనడానికి, ముసలితనంలో ఊతకు. పదీ అయిపోయినవి. ఇందులో విద్యార్థి ఎక్కడా లేడు. చదువు చెప్పడమనే పనీ లేదు.

కుక్క ఉన్నది గదా అనవచ్చును. నిజమే. కాని అది దారిన పోయేవాని మీదికి ఉఱికే కుక్క. దానిని దూరంగా ఉంచడానికి కఱ్ఱ కావలె. ఇంట పెరిగే కుక్కను దగ్గరకు తీసి నేర్పడం వేరొక పని. దూరంగా నిలిపే పనిముట్టు దగ్గరకు తీయడానికి ఎట్లా పనికివస్తుంది? ఈ చిన్న భేదాన్ని నేను మా యింటి కుక్క వద్ద, చాలా ఆలస్యంగా, నేర్చుకొన్నాను.

మోతీ జాతికుక్క కాదు. వానకు తడిసి మా అరుగు చాటుకు చేరిన వీధికుక్క పిల్ల. ఎఱ్ఱని ఒళ్ళు, తెల్లని పాదాలు. ఏడాది తిరిగేసరికి ఇంటిలో ఒకటైపోయింది. అప్పటికి మా మనుమడు నాలుగేండ్లవాడు. మోతీ అన్నం తింటూ ఉంటే వాడు వెళ్ళి పళ్ళెంలో చెయ్యి పెట్టేవాడు. ఒకనాడు మోతీ గుఱ్ఱుమన్నది. పసివాని మీద గుఱ్ఱుమంటుందా అని నేను చేతికఱ్ఱతో రెండు వేసినాను. మర్నాడూ అంతే జరిగింది. మూడవసారి దెబ్బలు తిన్న తరువాత మోతీ గుఱ్ఱుమనడం మానివేసింది. వాడు దగ్గరకు పోతే తినడం ఆపి, తల వంచి, ఒళ్ళు బిగబట్టి నిలిచేది. ఆ బిగువును నేను వినయమనుకొన్నాను. ఇంటికి వచ్చినవారితో, “చూచినారా, మూడు రోజులలో దారికి వచ్చింది!” అని గొప్పగా చెప్పుకొన్నాను కూడా.

నెల దాటలేదు. ఒక మధ్యాహ్నం మనుమడు మళ్ళీ పళ్ళెం దగ్గరకు పోయినాడు. కుక్క చప్పుడేమీ వినబడలేదు. పిల్లవాని కేక వినబడింది. మణికట్టు మీద పళ్ళు దిగిన గాట్లు. ధారగా నీరు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు గాయం కడిగి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తినాము. టీకాలన్నీ పూర్తి అయ్యేదాకా ఇంటిలో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. మోతీని ఊరి పొలిమేర దాటించి వదలివేయవలెనని అందరమూ అనుకొన్నాము. ఆ మాట మొదట అన్నవాణ్ణి నేనే.

మోతీకి ఏటేటా టీకా వేసే పశువైద్యుడు ఒకప్పటి నా శిష్యుడే. అతని వద్దకు పోయి జరిగినదంతా చెప్పినాను.

“ఇదివరలో ఎప్పుడైనా గుఱ్ఱుమన్నదా మాస్టారూ?” అని అడిగినాడు.

“అన్నది నాయనా. కొట్టి మానిపించినాను.”

అతడు కొంతసేపు ఊరకున్నాడు. తరువాత మెల్లగా, “తనకు భయమేస్తున్నదని అది మీతో చెప్పుకొన్నది మాస్టారూ. ఇక చెప్పకూడదని మీరు నేర్పినారు. భయం మాత్రం అట్లాగే ఉన్నది” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా దినాలు విడువలేదు. కుక్క గుఱ్ఱుమనడం తప్పు కాదు. అది ముందుగా ఇచ్చే హెచ్చరిక. హెచ్చరించినందుకు దండిస్తే, ఆ జంతువు హెచ్చరించకుండానే కరవడం నేర్చుకొంటుంది. పొయ్యి మీది ఎసరు పొంగుతున్నదని తెలియజేసే మూతను బిగించి కట్టివేసి, చప్పుడు ఆగినదని సంతోషించేవానికీ నాకూ తేడా లేకపోయింది.

ఇది నా యింటి అనుభవం మాత్రమే కాదు. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమానం పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ కుక్కలపై జరిపిన ప్రయోగాలు మన విద్యార్థులకు తెలిసినవే. అన్నానికి ముందు ప్రతిసారీ ఒక చప్పుడు వినిపిస్తూ వస్తే, తరువాత ఆ చప్పుడుకే కుక్కకు నోరూరుతుంది. మేలు విషయంలో నిజమైనది కీడు విషయంలోనూ నిజమే. పిల్లవాడు పళ్ళెం దగ్గరకు వచ్చినప్పుడల్లా వీపు మీద దెబ్బ పడితే, కుక్క మనస్సులో పిల్లవాడూ దెబ్బా ఒకటవుతారు. పసివానిని ప్రేమించవలెనని నేను కొట్టినాను. వాణ్ణి చూచి జడియవలెనని అది నేర్చుకొన్నది.

అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ 1898లో కొయ్యపెట్టెలలో పిల్లులను ఉంచి పరిశీలించినాడు. ఏ పని చేస్తే తలుపు తెరచుకొని తిండి దొరుకుతుందో ఆ పని వాటికి క్రమంగా అలవాటైంది. మంచి ఫలితమిచ్చిన పని వేరూనుతుందన్నది ఆయన సూత్రం. ఈ సూత్రాన్ని కొట్టేవానికి అన్వయించి చూడండి. కఱ్ఱ ఎత్తగానే అల్లరి ఆగుతుంది. ఆగగానే మనకు తృప్తి కలుగుతుంది. కనుక మరుసటిసారి చెయ్యి తనంతట తానే కఱ్ఱ వైపు పోతుంది. దండనవల్ల వెంటనే శిక్షణ పొందేది కొట్టేవాని చెయ్యి. అందుకే ఆ అలవాటు అంత త్వరగా పోదు.

దెబ్బ ఎందుకు పడినదో కుక్కకు తెలుస్తుందా? ఉదయం చెప్పు కొరికితే సాయంకాలం యజమాని వచ్చి కొడతాడు. మధ్య ఎనిమిది గంటలు గడచినవి. ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉన్నది. జనమేజయుని సత్రయాగ స్థలానికి దేవశుని సరమ కొడుకు వస్తే, రాజు సోదరులు దానిని కొట్టినారు. నీవే ఏదో తప్పు చేసి ఉంటావని తల్లి అంటే, హవిస్సును తాను చూడనూ లేదు, నాకనూ లేదని ఆ పిల్ల మొఱపెట్టుకొన్నది. సరమ వచ్చి కారణమడిగితే సభలో జవాబు చెప్పినవాడు లేడు. ఆలస్యంగా దెబ్బలు తినే ప్రతి కుక్క స్థితీ ఇదే. “తప్పు చేసినట్లు తల వంచుకొన్నదండీ” అని మనం అంటాము. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ విషయాన్నే పరీక్షించి చూచింది. కుక్క నిజంగా తప్పు చేసినదా లేదా అన్నదానితో ఆ దీనమైన చూపుకు సంబంధం లేదు. యజమాని గద్దిస్తే ఏ తప్పూ చేయని కుక్కకూ ఆ చూపు వచ్చింది. మనం పశ్చాత్తాపమనుకొన్నది మన కోపానికి ప్రతిబింబం మాత్రమే.

మరి కొట్టకుండా నేర్పడమెట్లా? ఇది కష్టమైన విద్య కాదు. ఇంట కుక్కను పెంచే విద్యార్థులు ఈ సెలవులలోనే ప్రయత్నించవచ్చును. ఉడికించిన కోడిమాంసాన్ని గాని, గ్రుడ్డును గాని శనగగింజంత ముక్కలు చేసి ఉంచుకొనండి. ఒక ముక్కను కుక్క ముక్కు దగ్గర పట్టి, మెల్లగా పైకి, దాని తల వెనుక వైపుకు జరపండి. తల పైకెత్తగానే దాని వెనుక భాగం నేలకు ఆనుతుంది. ఆనిన క్షణంలోనే “భేష్!” అని ముక్క నోటికి అందించండి. ఆలస్యం ఒకటి రెండు సెకండ్లకు మించకూడదు. మించితే ఏ పనికి బహుమానమో దానికి తెలియదు. పదిసార్లు ఇట్లా జరిగిన తరువాత ‘కూర్చో’ అన్న మాటను జతచేయండి. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క మాటే వాడవలె. ఒకరు ‘కూర్చో’ అని, ఒకరు ‘సిట్’ అని అంటే అది పిల్లవానికి ఒకే అక్షరాన్ని ఇద్దరు రెండు విధాల దిద్దించినట్లవుతుంది. పాఠం ఐదు నిమిషాలకు మించరాదు. రోజుకు రెండు మూడుసార్లు చాలు.

మీది కెక్కి గంతులు వేసే కుక్కను మోకాలితో తన్నకండి. మాట్లాడకుండా అటు తిరిగి నిలవండి. నాలుగు కాళ్ళూ నేలనానగానే ఇటు తిరిగి పలకరించండి. పిల్లకుక్క ఇంటిలో తడి చేస్తే దాని మూతిని అందులో రాయడం క్రూరమే కాక నిష్ప్రయోజనం కూడా; నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే బయటికి తీసుకొనిపోయి, అక్కడ పని ముగించగానే మెచ్చుకొనడం అసలైన ఉపాయం. పిలిచి మాత్రం ఎన్నడూ కొట్టకండి. పిలిచినప్పుడు వచ్చిన కుక్కకు దెబ్బ పడితే, ఇక రాకూడదన్న పాఠాన్ని అది ఒక్కసారిలోనే నేర్చుకొంటుంది.

మోతీని వదలివేయలేదు. ముందు దాని పళ్ళెం పిల్లవానికి అందని పెరటి మూలకు మారింది. అది తినే వేళ ఎవరూ అటు పోకూడదన్నది ఇంటి కట్టడి అయింది. తరువాత వైద్యుడు చెప్పినట్లు నేను పళ్ళేనికి నాలుగు బారల దూరంలో నిలిచి ఒక మాంసపు ముక్క విసరి వెనుదిరిగేవాణ్ణి. దినదినానికీ ఒక అడుగు దగ్గర. అది బిగుసుకొంటే మళ్ళీ రెండడుగులు దూరం. మనిషి వస్తే తిండి పోతుందన్న భయం స్థానంలో, మనిషి వస్తే ఇంకొంత తిండి వస్తుందన్న నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టింది. మూడు దెబ్బలతో చెడినదానిని బాగుచేయడానికి మూడు నెలలు!

చనువిస్తే చంకనెక్కుతుందని కొందరంటారు. దయ అంటే కట్టడి లేకపోవడం కాదు. మా యింటిలో మోతీకి వంటగది గడప దాటడం లేదు, చివరిదాకా దాటలేదు. గడప ఇవతల కూర్చున్నప్పుడల్లా దానికి ఏదో ఒకటి అందేది, అంతే. కఱ్ఱతో పని త్వరగా అవుతుందని మరికొందరంటారు. అవుతున్నట్లు కనబడుతుంది. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను పరిశీలించి తమ ఫలితాలు ప్రకటించినారు. దండన పద్ధతులతో నేర్పిన కుక్కలలో ఆందోళన చిహ్నాలు హెచ్చుగా కనబడినవి. పాఠం తరువాత వాటి లాలాజలంలో, శరీరం కలతపడినప్పుడు పెరిగే కార్టిసాల్ అనే ద్రవ్యంకూడా పెరిగింది. నోరు మూసుకొన్నంత మాత్రాన లోపలి కలత పోదు.

మన దేశపు చట్టం ఈ విషయంలో మన అలవాట్లకంటె ముందున్నది. జంతువులను అనవసరంగా కొట్టడమూ, మరీ పొట్టి గొలుసుతో గాని, మరీ బరువైన గొలుసుతో గాని గంటల తరబడి కట్టివేయడమూ 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. పిల్లలను దేహదండనకు, మానసిక వేధింపుకు గురిచేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శాసిస్తున్నది. అయినా రెండు చోట్లా కఱ్ఱ ఇంకా ఆడుతూనే ఉన్నది.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. పిల్లవాడు కుక్క కాడు. వానికి మాట ఉన్నది, కారణం చెప్పితే తెలుసుకొనే బుద్ధి ఉన్నది. మాటలేని జంతువుకే దెబ్బ లేకుండా నేర్పగలిగినప్పుడు, మాట వచ్చిన బిడ్డ వద్ద మనకు కఱ్ఱ ఎందుకు? నా తరగతిలో నిశ్శబ్దాన్ని చూచి ఇన్‌స్పెక్టర్లు మెచ్చుకొన్న రోజులున్నవి. ఆ నిశ్శబ్దంలో ఎందరు తమకు పాఠం అర్థం కాలేదని చెప్పుకొనడం మానివేసినారో ఇప్పుడు లెక్క తెలియదు. మోతీ విషయంలో మూడు నెలలు దొరికినవి. వారి విషయంలో అదీ దొరకలేదు.

మా మనుమడు ఇప్పుడు పదవ తరగతి చదువుతున్నాడు. మోతీ నిరుడు ముసలితనంతో పోయింది. నా చేతికఱ్ఱ శ్లోకంలోని చివరి గుణానికి, ఊతకు, ఉపయోగపడుతున్నది. ఆ కఱ్ఱ చప్పుడుకు ఒకప్పుడు మంచం క్రింద దూరిన మోతీ, చివరి యేండ్లలో నేను దానిని గోడవార నుండి తీయగానే, షికారుకు వేళయినదని తోక ఆడిస్తూ వాకిటి వద్ద నిలిచేది.